బతికున్నవాడి విధవకు పాస్‌పోర్టు

నా మొగుణ్ణి మా బావగారు బతికుండగానే తగలబెట్టాడు. ఊరి బయట గెడ్డ ఒడ్డున దర్భగడ్డితో మనిషంత బొమ్మ కట్టించి, తెల్లపంచె చుట్టించి, తలకాయ బదులు కొబ్బరికాయ పెట్టించి తనే నిప్పంటించాడు. ఎండుగడ్డి కదా, చుట్ట కాల్చినంతసేపు కూడా పట్టలేదు.

ఆయన రంగం వెళ్ళి అప్పటికి పద్నాలుగేళ్ళు. మా వైపు రంగూన్‌ని రంగం అనే అంటారు. యుద్ధం అయిపోయాక బియ్యం మిల్లులో పని ఉందని వెళ్ళాడు. రెండేళ్ళు ఉత్తరాలు వచ్చాయి, తరవాత ఆగిపోయాయి. పన్నెండేళ్ళు కబురు లేని మనిషిని పోయినట్టే అనుకుని కర్మ చెయ్యాలని, లేకపోతే ఆ జీవుడు ఎటూ కాకుండా తిరుగుతాడని మావాళ్ళ ఆచారం. సరిగ్గా పన్నెండేళ్ళు నిండిన నెలలో మా బావగారికి తమ్ముడి జీవుడి మీద బెంగ పుట్టుకొచ్చింది.

పదోరోజున నా గాజులు చితక్కొట్టారు, మట్టెలు తీశారు, బొట్టు చెరిపారు. పదకొండోరోజున బావగారు ముద్ర కాగితం తెచ్చి నా ముందు పెట్టాడు. భర్త పోయాడు కనుక ఆయన వాటా భూమి మీద నాకు హక్కు వద్దని, బావగారు దున్నుకుంటూ నాకు ఏటా తిండిగింజలు ఇస్తాడని అందులో ఉంది. సంతకం పెట్టాను. రెండు రోజులుగా తిండి లేదు, బుర్ర పని చెయ్యలేదు. ఇప్పుడైతే పెట్టను. చదివే ఆడవాళ్ళెవరైనా ఉంటే చెప్తున్నాను, కడుపు ఖాళీగా ఉన్నప్పుడు ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి.

కూతురికి అప్పటికే పెళ్ళయి గొలుగొండలో కాపురం చేసుకుంటోంది. నేను ఆ ఊరు వదిలేసి అనకాపల్లి వచ్చి, బెల్లం మార్కెట్టు వెనక ఒక పాక అద్దెకు తీసుకుని, రెండు గేదెల్ని కట్టుకుని పాలు పోసుకుంటూ బతికాను. నీళ్ళు కలిపేదాన్ని కాదు, కొసరు వేసేదాన్ని కాదు. గయ్యాళిదని పేరొచ్చింది. ఆ పేరు వల్ల నాకు మంచే జరిగింది, ఎవరూ వచ్చి కబుర్లు చెప్పేవారు కాదు.

ఏడాదిన్నర తరవాత ఉత్తరం వచ్చింది. మా అత్తవారి ఊరు రోలుగుంట వైపు. అక్కడికి వెళ్ళి, అక్కడ లేనని తిరిగి నన్ను వెతుక్కుంటూ అనకాపల్లి వచ్చింది. నేను చదివింది మూడో తరగతి సగం వరకే అయినా ఉత్తరం చదవడానికి ఒకరి దగ్గరికి వెళ్ళే అవసరం ఏనాడూ రాలేదు.

"అక్కగారికి నమస్కారములు. తమరు నన్నెరగరు. మాది కొండకర్ల. మీవారూ నేనూ ఒకే మిల్లులో పని చేయుచుంటిమి. ఇప్పుడు ఆయన ఇక్కడ ఆసుపత్రిలో ఉన్నాడు. ఊపిరితిత్తులు పాడైనవి. మూడు నెలలకు మించి ఉండడని డాక్టరు చెప్పినాడు. మావాళ్ళని చూడాలని అంటున్నాడు. వచ్చేటట్టయితే బేగి రావలెను."

పైన వేసిన తేదీ చూశాను. నెల దాటిపోయింది.

కన్నీళ్ళు వచ్చాయని రాస్తే అబద్ధం. ఒళ్ళు మండింది. గేదెకి తవుడు పెడుతూ, "బతికే ఉన్నావురా" అని పైకే అన్నాను. మొగుణ్ణి రా అన్నది అదే మొదటిసారి. ఆ సాయంత్రానికల్లా నిశ్చయించుకున్నాను. వెళ్ళాలి. సేవ చెయ్యడానికి కాదు. ఇన్నేళ్ళు ఒక్క కార్డు ముక్క ఎందుకు రాయలేదో ఆయన ఊపిరి ఉండగా మొహం మీద అడగాలి. ఆయన పోతే ఆ జవాబు ఇంకెవరి దగ్గరా దొరకదు.

మెయిన్ రోడ్డులో ఫోటో స్టూడియో నడిపే సాయిబు ఒకాయన నా దగ్గర పాలు పోయించుకునేవాడు. హజ్‌కి వెళ్ళేవాళ్ళకీ, రంగం వెళ్ళేవాళ్ళకీ ఫోటోలు తీసి తీసి ఆ కాగితాల సంగతి ఆయనకి కొట్టిన పిండి. మర్నాడు పాలచెంబు ఆయన గుమ్మంలో దించి ఉత్తరం చేతికిచ్చాను.

చదివి నా నుదురు వైపు చూశాడు. మళ్ళీ ఉత్తరం వైపు చూశాడు.

"అమ్మా, మీ ఆయన..."

"బతికే ఉన్నాడు. మావోళ్ళు గడ్డిబొమ్మని కాల్సేరు. రంగం ఎల్లాల. ఏటి సెయ్యాలో సెప్పు బాబూ."

"తౌబా తౌబా" అని చెంపలేసుకున్నాడు. తరవాత పనిలోకి దిగాడు. "పాస్‌పోర్టు మద్రాసు నుంచి రావాలమ్మా. మామూలుగా పోలీసు ఎంక్వైరీ అదీ అయి నెలలు పడతాది. జల్దీ కావాలంటే ఒకటే దారి. ఈ మనిషి నాకు తెలుసు, మంచిది అని పెద్ద ఆఫీసరెవరైనా సంతకం పెడితే ఎంక్వైరీ లేకుండా ఇచ్చేత్తారు. విశాఖపట్నంలో నాకొక ఆఫీసరుగారు తెలుసు, వాళ్ళమ్మాయి పెళ్ళికి ఫోటోలు నేనే తీసేను. కానీ ముందు మీకొక కాగితం కావాల. మొగుడున్న ఆడమనిషైతే మొగుడి ఒప్పుదల. లేదంటే మొగుడు పోయినట్టు మరణపత్రం."

"మొగుడి దగ్గరికెల్లడానికి మొగుడి ఒప్పుదలేటి? తెచ్చుకుందారంటే ఉత్తరం ఎల్లి రావడానికే రెండు నెలలు."

"రూలమ్మా. నేను పెట్టలేదు."

ముందు మా ఊరి మునసబు పుస్తకంలో బావగారు రాయించిన ఆ చావు కొట్టివేయించుకోవాలి అనుకున్నాను. అక్కడ కొట్టేస్తే నేను విధవని కాదు. తరవాత ఒప్పుదల సంగతి ఆఫీసరుని బతిమాలుకోవచ్చు. పాలు పిండి పొరుగింటావిడకి అప్పగించి మొదటి బస్సెక్కాను.

మునసబు అరుగు మీద కూర్చుని పళ్ళు తోముకుంటున్నాడు. ఉత్తరం చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని, లోపలినుంచి జననమరణాల పుస్తకం తెచ్చి, వేలితో పైనుంచి కిందకి దువ్వుకుంటూ వచ్చి ఆగాడు.

"ఇదుగో. మరణం. కారణం, జొరం."

"జొరమేటి మునసబుగోరూ? గడ్డికి జొరమొత్తాదేటి?"

"కారణం కాళీ ఉంచకూడదమ్మా. ఈ ఊళ్ళో పోయినోళ్ళందరికీ జొరమే రాత్తాను. పాము కరిసినోడికీ జొరమే."

"సరే, కొట్టీయండి. మనిషున్నాడు."

ఆయన పుస్తకం మూసి దాని మీద చెయ్యి పెట్టుకున్నాడు. "ఓపాలి సచ్చినోడని రాసీసేక నేను లేపలేనమ్మా. తాసిల్దారుగోరు ఆర్డరెయ్యాల. ఆయన ఆర్డరెయ్యాలంటే ఇచారణ జరగాల. ఇచారణకి ఆ మనిషే వచ్చి నిలబడి, నేను బతికే ఉన్నానని సెప్పాల."

"ఆ మనిషొచ్చి నిలబడగలిగితే నేను ఎల్లడమెందుకండీ?"

"అదీ నిజవే" అన్నాడు మునసబు, నిజంగానే ఆలోచిస్తున్నట్టు.

ఈలోగా బావగారు వచ్చాడు. ఎవరు చెప్పారో, బస్సు దిగినప్పుడే చూశారో. వెనక నలుగురైదుగురు. మా ఇళ్ళల్లో బావగారి ఎదుట నిలబడి మాట్లాడే ఆచారం లేదు, తలుపు వెనకనుంచే ఏదైనా. ఆ రోజు అరుగు ముందు ఎండలో నిలబడే ఉన్నాను, పక్కకి తప్పుకోలేదు.

"ఏటమ్మా, సచ్చినోడు ఉత్తరాలు రాత్తన్నాడంట?" అన్నాడు. "స్టాంపులు యముడిత్తన్నాడేటి?"

వెనకవాళ్ళు నవ్వారు. మునసబు కూడా నవ్వి, నన్ను చూసి ఆపేశాడు.

"రాసింది కొండకర్ల మనిషి. సదూకోండి."

బావగారు ఉత్తరం అందుకుని తిరగేసి మరగేసి చూశాడు. చదవలేదు. చదువు ఆయనకి రాదు, ఆ సంగతి ఊరందరికీ తెలుసు. "ఎవడో డబ్బులు లాగడానికి రాసేడు."

"ఒక్క దమ్మిడీ అడగలేదు, మునసబుగోరు సూసేరు."

"నా తమ్ముడికి నా సేత్తో తలకొరివెట్టేను. మల్లీ ఆణ్ణి లేపి నాకు పాపం సుట్టకు."

"పాపమేనా బావగోరూ? మీ తమ్ముడు లేత్తే నేను సంతకమెట్టిన కాయితం సెల్లదు. భూమి ఒగ్గీవాల. అదీ బాధ."

బావగారు ఉత్తరాన్ని నా చేతికివ్వకుండా అరుగు అంచున పడేసి, చుట్ట నోట్లోంచి తీసి, మెల్లగా అన్నాడు: "ఈ నోరు ఇన్నావా మునసబూ? ఆడు మల్లీ ఎందుకు రాలేదో ఇప్పుడు తెలిసిందా? ఈ నోటికి సముద్రం అడ్డమెట్టుకున్నాడు."

ఇంతకాలం అయింది, ఆ మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. అది అబద్ధమని నేను రుజువు చెయ్యలేను. రుజువు రంగంలో మంచం మీద ఉంది.

ఉత్తరం తీసుకుని కదలబోతుంటే మునసబు పిలిచాడు. "సచ్చినట్టు కాయితం కావాలంటే ఇప్పుడే ఇత్తానమ్మా. దానికి ఎవరి ఆర్డరూ అక్కల్లేదు."

ఊరికే ఇచ్చేది వదులుకునే అలవాటు నాకు లేదు. తీసుకున్నాను.

అనకాపల్లిలో తాలూకా కచేరీ వరండాలో నాలుగు రోజులు కూర్చున్నాను. పొద్దున్న పాలు పోసి వెళ్ళడం, సాయంత్రం పాలకి రావడం. నాలుగో రోజున గుమాస్తా పిలిచి అర్జీ తీసుకున్నాడు.

"ఎన్నాళ్ళు పడతాది బాబూ?"

"ఆర్నెల్లు. ఏడాది. సచ్చిపోయినట్టు రాసినోణ్ణి బతికున్నట్టు రాయమని ఎవరూ ఇంతవరకూ రాలేదు. ఏ ఫైల్లో పెట్టాలో మాకే తెలీదు." తరవాత తల వంచుకుని పని చేసుకుంటూ, "బొట్టెట్టుకుంటే పోలా, ఎవరొద్దన్నారు?" అన్నాడు. పక్కగుమాస్తా కిసుక్కుమన్నాడు.

"నీ పెళ్ళాం తుడుసుకున్నప్పుడు ఈ మాట సెప్పు" అని లేచి వచ్చేశాను. ఆ అర్జీ సంగతి తరవాత ఎన్నడూ తెలియలేదు. నేనూ అడగలేదు.

స్టూడియోకి వెళ్ళి మునసబు ఇచ్చిన కాగితం బల్ల మీద పెట్టాను. సాయిబు చదివి, దాన్ని మళ్ళీ బల్ల మీద పెట్టాడు.

"అమ్మా, ఒక మాట సెప్తాను, తిట్టొద్దు. ఈ కాగితం మీ దగ్గరుంది. విధవకి ఎవరి ఒప్పుదలా అక్కర్లేదు. ఫారంలో విధవ అని రాద్దాం. రంగంలో ఎవరున్నారంటే మరిది అని రాద్దాం, జబ్బుగా ఉన్నాడు, సూడ్డానికెల్తన్నాను అని. ఆఫీసరు ఒక్కపూటలో సంతకం పెడతాడు. పదిహేను రోజుల్లో పాస్‌పోర్టు మీ ఇంటికొత్తాది."

"అంటే మా బావగోరు గడ్డికి సేసింది నన్ను మనిషికి సెయ్యమంటావు."

"నేనేటీ అనట్లేదమ్మా. టైము లేదంటన్నాను."

లోపల గుడ్డ తెర ముందు స్టూలు మీద కూర్చోబెట్టి ఫోటో తీశాడు. కొంగు తలమీద నుంచి కొంచెం వెనక్కి జరపమన్నాడు, నుదురు కనపడాలట. ఆ ఫోటో ఇప్పటికీ ఉంది. ఎవరినో కొట్టడానికి లేవబోతున్నట్టు కూర్చున్నాను.

రైల్లో విశాఖపట్నం వెళ్ళాం, నేనూ సాయిబూ. ఆఫీసరు పెద్దమనిషి, మర్యాదగానే మాట్లాడాడు. ఫారం అంతా ఇంగ్లీషులో సాయిబు నింపి పెట్టాడు. ఆఫీసరు అది చూసి, కింద తెలుగులో నేను చేసిన సంతకం చూసి, "రాయడం వచ్చా అమ్మా?" అని అడిగాడు.

"వచ్చండి."

"అయితే మంచిదే. రేపు నన్నెవరైనా అడిగితే చూపించడానికి ఒక కాగితం మీద మీ చేత్తోనే రాసివ్వండి. భర్త ఎప్పుడు పోయాడు, ఎక్కడ పోయాడు, ఏ జబ్బుతో పోయాడు. నాలుగు ముక్కలు చాలు."

తెల్లకాగితం, సిరా కలం నా ముందుకి జరిపాడు.

వేలిముద్ర ఆడదాన్నయి ఉంటే సాయిబే రాసేవాడు, నేను వేలు నొక్కి వచ్చేసేదాన్ని. చదువుకున్నందుకు పడ్డ శిక్ష అది. గాజులు కొట్టించింది ఆయన వదిన. బొమ్మ కాల్చింది ఆయన అన్న. పుస్తకంలో ఎక్కించింది మునసబు. తెలిసి ఇంతవరకూ నా చెయ్యి ఎక్కడా లేదు. ఇది రాస్తే నేనూ వాళ్ళల్లో ఒకదాన్నవుతాను. భూమి మాట కూడా తోచింది. బావగారు ఎప్పుడు కోర్టుకెక్కినా, "ఇదుగో, పెళ్ళామే రాసిచ్చింది" అని చూపించడానికి ఇంతకన్నా గట్టి కాగితం ఉండదు. ఇవన్నీ తెలిసే రాశాను. తెలియక రాశానని ఎవరూ అనుకోకూడదు.

"నా భర్త జ్వరముతో స్వగ్రామమందు చనిపోయినారు. నేను విధవను." బొమ్మ కాల్చిన రోజు తిథి వేశాను. సంతకం పెట్టాను.

సాయిబు కిటికీ వైపు చూస్తున్నాడు. ఆఫీసరు సిరా మీద అద్దుడు కాగితం అద్ది, "అక్షరాలు గుండ్రంగా ఉన్నాయి" అన్నాడు.

పద్దెనిమిదో రోజున రిజిస్టర్డు పోస్టులో పాస్‌పోర్టు వచ్చింది. దానికి రెండు రోజుల ముందే బావగారు వచ్చాడు. రోలుగుంట బస్సులో కబుర్లకి టిక్కెట్టు అక్కర్లేదు. మొదటిసారి, నేను కబురు పెట్టకుండానే తిండిగింజల బస్తా బండిలో వేసుకుని తెచ్చాడు. పాక ముందు నిలబడి గేదెల్ని మెచ్చుకున్నాడు.

"నీ సేత్తో నువ్వే రాసిచ్చేవంట కదమ్మా ఇసాపట్నంలో" అన్నాడు, ఎంతో ప్రేమగా. "మంచి పని సేసేవు. ఇంక మనలో మనకి పేచీ లేదు. ఆ మరిదెవరో ఆణ్ణి సూసొచ్చీయి."

"బస్తా అక్కడెట్టి ఎల్లండి."

"మంచినీలైనా ఇవ్వవేటి?"

"గెడ్డలో ఉన్నాయి, ఎల్లినప్పుడు తాగండి. బొమ్మని కాల్సేక తానం సేసింది అక్కడే కదా."

ఆయన మొహం మాడిపోయింది కానీ ఏమీ అనలేదు. అనవలసిన అవసరం లేదు ఆయనకి. గెలిచినవాడు ఊరుకుంటాడు.

ఒక గేదెని అమ్మి టిక్కెట్టు కొన్నాను. అనకాపల్లి నుంచి రంగం వెళ్ళే ఒక కుటుంబంతో కలిసి రైల్లో కలకత్తా వెళ్ళి, అక్కడ ఆ దేశంవాళ్ళ ముద్ర వేయించుకుని ఓడెక్కాను. ఓడలో అందరికీ వాంతులు. నాకు కాలేదు. కక్కడానికి కడుపులో కోపం తప్ప ఏమీ లేదు.

నేను ముందే రాసిన కార్డు అందుకుని కొండకర్ల మనిషి రేవుకొచ్చి తీసుకెళ్ళాడు. ఆసుపత్రి పొడుగాటి హాలు. చివరి మంచం. పదహారేళ్ళ తరవాత చూస్తున్నాను. మనిషి చెరుకు పిప్పిలా ఉన్నాడు. నన్ను గుర్తుపట్టాడు. మొహం వెలిగి, వెంటనే చూపు నా నుదుటి మీద, చేతుల మీద పడి ఆగిపోయింది.

"ఎవుడు సచ్చిపోయేడు?" అన్నాడు.

"నువ్వే" అన్నాను.

చెప్పాను, అంతా. గడ్డి, కొబ్బరికాయ, మునసబు, జ్వరం. మధ్యలో దగ్గుతో పాటు నవ్వొచ్చిందాయనకి. నాకు రాలేదు. నవ్వు ఆగాక అడగవలసింది అడిగాను. ఎందుకు రాయలేదు, నా నోటికి భయపడా?

ఆయన దుప్పటి అంచు నలిపాడు. "నీ నోరేటి సేసింది? రాయడం ఆపీసిన మొదటేడు పంపడానికి సేతిలో ఏటీ లేక రాయలేదు. మరసటేడు, మొదటేడు రాయలేదని రాయలేదు. అలాగ ఎల్లిపోయింది."

అంతే. దీనికోసం నేను సముద్రం దాటాను. ఇంకేదో ఉంటుందనుకున్నాను, ఇంకో ఆడదో, తాగుడో, నా మీద పెంచుకున్న కక్షో. తిట్టడానికైనా ఒక పెద్ద కారణం ఉండాలి కదా. అయినా బావగారి మాట అబద్ధమని తెలిసింది. అది తెలుసుకున్నది భూమి మీద నేనొక్కదాన్నే. ఆయన మంచం పక్క కింద కూర్చుని, గంజి తాగించాను. వద్దన్నాడు. నోరుముయ్యమన్నాను.

తొమ్మిది రోజులున్నాడు.

శవాన్ని అప్పగించే గది దగ్గర ఒక గుమాస్తా నా పాస్‌పోర్టు అడిగాడు. తిప్పి చూసి, కొండకర్ల మనిషితో వాళ్ళ భాషలో ఏదో అన్నాడు. కొండకర్ల మనిషి నా వైపు తిరగడానికి ఇబ్బంది పడ్డాడు.

"అక్కా, పెళ్ళానికే, లేకపోతే అయినోళ్ళకే ఇత్తాడంట. ఈ పుస్తకంలో నువ్వు విధవ్వని, ఓడ కాయితంలో మరిదిని సూడ్డానికొచ్చేవని ఉందంట. ఈయన నీకేటవుతాడని అడుగుతన్నాడు."

గుమాస్తా కలం పట్టుకుని చూస్తున్నాడు. వెనక ఇంకో రెండు కుటుంబాలు కాచుకుని ఉన్నాయి. బయట ఎండ మండిపోతోంది, శవం నిలవుండే ఎండ కాదు. బతికున్నప్పుడు చచ్చాడని రాసిచ్చిన చేత్తో, చచ్చాక మొగుడని ఎలా రాయను? రాసినా ఎవరు నమ్ముతారు?

"మరిదని రాయమను" అన్నాను. "ఇంకెవరూ లేరు, వదినే తీసుకుంటాదని సెప్పు."

అతను చెప్పాడు. గుమాస్తా రాశాడు, పుస్తకం నా వైపు తిప్పాడు. సంతకం పెట్టి, శ్మశానం ఎంత దూరమని అడిగాను. మోసుకెళ్ళే దూరం కాదన్నాడు కొండకర్ల మనిషి.

"అయితే బండి మాట్లాడు" అన్నాను. "అడిగినంతా ఇచ్చీకు. బేరమాడు."